పొట్టి క్రాపు పూర్వోత్తరములు

క్రిందటి వేసవిలో మా అన్నగారి కుమార్తె పట్టణమునుండి సెలవులకు వచ్చినపుడు ఆమె వీపుమీద ఎల్లప్పుడు వ్రేలాడు జడ కానరాలేదు. మెడమీది వెండ్రుకలు నున్నగా కత్తిరింపబడినవి. చెవులు పూర్తిగా బయటపడినవి. నడినెత్తిమీద నాలుగు వ్రేళ్ల నిడివి, నుదుట చిన్న ముంగురులు, అంతకు మించి ఏమియు లేదు. దీని పేరేమని అడుగగా "పిక్సీ కట్" అని చెప్పినది. ఇంటిలోనివారు తలకొక మాట అనిరి. మా అమ్మగారు మాత్రము చాలసేపు ఆ పిల్లవైపు చూచి, "నువ్వే చేయించుకున్నావా, అమ్మాయ్?" అని అడిగిరి. "నేనే, నాయనమ్మా. మూడు నెలలు ఆలోచించి మరీ చేయించుకున్నాను" అని ఆ పిల్ల జవాబు. "అయితే సరే" అని వారు లోపలికి వెళ్లిపోయిరి.

ఆ ప్రశ్నకు ఒక కారణము కలదు. దానిని చివర మనవి చేయుదుము. స్త్రీల పొట్టి జుట్టునకు సంబంధించిన చరిత్రను మేము తరువాత కొంత తిరుగవేసి చూచితిమి. చూచినకొలదిని మా అమ్మగారు అడిగిన ప్రశ్నయే అన్నిటికన్న ముందు అడుగవలసినదని మాకు తోచినది. కత్తిరించుకొన్నదా, కత్తిరింపబడినదా?

ముందుగా మాటల సంగతి. 'క్రాపు' అను మాట మనకు ఇంగ్లీషునుండి వచ్చినది. అదియు మగవారి తలలమీదుగా వచ్చినది. ముందు తల గొరిగించుకొని వెనుక జుట్టు ముడివేసుకొనుచుండిన మన పురుషులు ఇంగ్లీషు చదువులతోపాటు క్రాపునకు అలవాటు పడిరి. పిలక తీయించుకొని వచ్చిన కుమారుని గుమ్మము బయటనే నిలిపిన తండ్రుల కథలు ఎన్ని కుటుంబములలోనో చెప్పుకొందురు. ఇప్పుడు పిలక ఉన్నవాని వైపే జనులు తిరిగి చూతురు! ఇక 'పిక్సీ' అనగా ఇంగ్లండు పడమటి కొనలోని డెవన్, కార్న్‌వాల్ సీమల జానపద కథలలో కనబడు చిట్టి భూతము. చెవులు కొనదేరి యుండును. బాటసారులను దారి తప్పించి నవ్వుట దానికి వేడుక. చెవులు కనబడునట్లు కత్తిరించిన జుట్టునకు ఆ పేరు తగినదే.

ఐరోపాలో ఈ పద్ధతి ఇరువదవ శతాబ్దములో పుట్టినదని పలువురు తలంతురు. కాని ఫ్రెంచి విప్లవకాలముననే దానికి బీజము పడినది. 1790 ల తొలినాళ్లలో తల్మా అను నటుడు వోల్తేరు రచించిన 'బ్రూటస్' నాటకమున టైటస్ పాత్ర ధరించి, రోమను విగ్రహములలోవలె జుట్టు పొట్టిగా కత్తిరించుకొని రంగస్థలము మీదికి వచ్చెను. పారిస్ యువకులు ఆ క్రాపును అనుకరించిరి. ఆ దశాబ్దము ముగియులోపల స్త్రీలును అనుకరించిరి. అది గిలెటిన్ కాలమని మరువరాదు. కత్తికి అడ్డు రాకుండునట్లు, శిక్ష పడినవారి మెడమీది జుట్టును ముందుగా కత్తిరించెడివారు. 1793 అక్టోబరు 16 న రాణి మేరీ ఆంత్వానెత్‌కును అట్లే జరిగినది. ఏడెనిమిది సంవత్సరములు గడువకముందే అదే నగరములో ధనవంతుల యిండ్ల స్త్రీలు మెడను తామే బయటపెట్టుకొని విందులకు పోయిరి. ఇది మృతులను స్మరించుటయో, భయమును ఎదిరించుటయో, వట్టి వేడుకయో నిర్ణయించుట కష్టము. మాకు నచ్చిన విషయము మరియొకటి. కత్తిరించుకొన్న తరువాత మనసు మారినవారి కొరకు చిన్న చిన్న సవరములు అమ్మకమునకు వచ్చినవి. వానికి ఫ్రెంచివారు పెట్టిన పేరునకు 'వెఱ్ఱిని దాచునది' అని అర్థము. కత్తెర వేసినంత సులభముగా జుట్టు పెరుగదని అంగడివానికి ఆనాడే తెలియును.

అంతకు మూడువందల ఏండ్లకు పైగా వెనుక అదే ఫ్రాన్సులో ఒక పల్లెపడుచు మగవారివలె జుట్టు గుండ్రముగా కత్తిరించుకొని, కవచము ధరించి, సేనను నడిపినది. ఆమె జోన్ ఆఫ్ ఆర్క్. రువాఁ పట్టణమున ఆమెపై విచారణ జరిపిన మతాధికారులు మోపిన ఆరోపణలలో పురుషవేషముతోపాటు ఆ జుట్టును చేర్చిరి. 1431 మే 30 న ఆమెను సజీవముగా దహించిరి. 1920 లో రోమను కాథలిక్ చర్చి ఆమెను పునీతగా ప్రకటించినది. ఈ రెండు తేదీలను మనసున నిలుపుకొనవలెనని శ్రోతలను కోరుచున్నాము. ఆమె జుట్టు ఈ కథలో మరి రెండు మారులు వచ్చును.

మొదటిది 1909 లో. పోలండునుండి పారిస్ చేరి 'ఆంత్వాన్' అను పేరుతో వాసికెక్కిన కేశాలంకారి, జోన్‌ను తలచుకొని ఒక నటికి జుట్టు చెవులవరకు కత్తిరించెనని చెప్పుదురు. అప్పటికి లోకము సిద్ధముగా లేదు. అమెరికాలో నర్తకి ఐరీన్ కాజిల్ 1914 ప్రాంతమున శస్త్రచికిత్సకు పోవుచు, ఆస్పత్రిలో చిక్కులు తీసికొనుట కష్టమని జుట్టు కత్తిరించుకొనెను. తరువాత ఆ పొట్టి జుట్టు నిలుచుటకు ముత్యాలపేట ఒకటి నుదుటికి చుట్టుకొని సభలకు రాగా, వేలకొలది స్త్రీలు ఆమెను అనుసరించిరి. ఇంతలో మొదటి ప్రపంచయుద్ధము. యంత్రశాలలలో పనిచేయు స్త్రీలకు పొడవైన జుట్టు అపాయకరము. యుద్ధానంతరము 'బాబ్', తరువాత వెనుకభాగము మెట్లుమెట్లుగా కత్తిరించు 'షింగిల్', 1926 ప్రాంతమునకు ఇంగ్లండులోని మగపిల్లల బడి పేరిట 'ఈటన్ క్రాపు' వచ్చినవి. ఒక్కొక్కటి ముందుదానికన్న పొట్టి. 1925 లో పారిస్ చేరిన నల్లజాతి నర్తకి జోసెఫిన్ బేకరు తన క్రాపును తలకు అంటుకొని మెరయునట్లు దువ్వెడిది. ఆమె పేరిట 'బేకర్‌ఫిక్స్' అను కేశలేపనము అంగళ్లకెక్కి బాగుగా అమ్ముడుపోయినది. 1930 ల నాటికి మరల పొడవు జుట్టు, అలలు, ఉంగరాలు. ఒక తరమువారందరును ఒకేమారు జుట్టు పెంచుకొన్నారనవచ్చును. ఆ పెంపకమునుగూర్చి ఎవ్వరును చరిత్ర వ్రాయలేదు.

ఇక 1944. దీనినిగూర్చి చెప్పక పొట్టి క్రాపు కథ చెప్పుట న్యాయము కాదు. జర్మనుల ఆక్రమణనుండి ఫ్రాన్సు విముక్తమగుచుండగా, శత్రుసైనికులతో చెలిమి చేసిరనియు, వారికి సహాయపడిరనియు నిందలు మోపి, ఊరూర స్త్రీలను నడివీధికి ఈడ్చి తలలు గొరిగించిరి. 1943 మొదలు 1946 వరకు ఇట్టి శిక్షకు గురియైనవారు సుమారు 20,000 మంది అని చరిత్రకారులు లెక్కించిరి. అనేకులకు విచారణయే లేదు. 1944 ఆగష్టులో షార్త్ర్ పట్టణమున రాబర్ట్ కాపా తీసిన ఛాయాచిత్రము లోకప్రసిద్ధము. తల గొరిగిన యువతి చేతిలో పసిబిడ్డతో నడచుచుండును. చుట్టును జనము, వారిలో నవ్వు ముఖములే అనేకము. అదే సంవత్సరము ఏప్రిలులో ఫ్రెంచి స్త్రీలకు ఓటుహక్కు ఇచ్చు శాసనము వెలువడినదని జ్ఞాపకమునకు వచ్చినపుడు మేము ఆ చిత్రమును రెండవమారు చూడలేకపోతిమి. ఆ యువతులు ఎన్ని నెలలు తలగుడ్డలు కట్టుకొని అంగడికి పోయిరో! జుట్టు పెరుగుచున్నంత కాలమును ఆ శిక్ష ప్రతి ఉదయము అద్దములో కొనసాగును.

ఇట్టి జ్ఞాపకము చల్లారి తొమ్మిది సంవత్సరములైనను కాకమునుపు, 1953 లో 'రోమన్ హాలిడే' అను చిత్రము వెలువడినది. విలియం వైలరు దర్శకుడు; చిత్రీకరణము 1952 వేసవిలో రోము నగరముననే జరిగినది. రాజకార్యములతో విసిగి వేసారిన రాకుమారి రాత్రివేళ రాయబార భవనమునుండి జారుకొని, మరునాడు ట్రెవీ జలయంత్రము దగ్గర ఒక క్షురకుని దుకాణములో ప్రవేశించును. భుజములు దాటిన జుట్టు. క్షురకుడు ఎంతవరకని అడుగును, ఆమె చూపును. అతడు నమ్మక, ఇంకను క్రింద చూపి అడుగును. ఆమె ఇంకను పైకి చూపును. పాపము, ఆ జుట్టునకు ఆమెకన్న అతడే ఎక్కువ దుఃఖించును. మొదటి కత్తెర పడునప్పుడు ఆమె ముఖమున ఒక క్షణము బెదురు, తరువాత మెల్లగా సంతోషము. పని ముగియుసరికి ఆ క్షురకుడే ఆమెను ఆ రాత్రి నదిమీద పడవలో జరుగు నృత్యమునకు రమ్మని పిలుచును. ఆ పాత్ర ధరించిన ఆడ్రీ హెప్‌బర్న్‌కు ఉత్తమనటి ఆస్కారు బహుమానము లభించినది. 1954 లో చిత్రము జపానుకు చేరగా అక్కడి యువతులు సెలూనులకు పోయి 'హెప్‌బర్న్ కట్' అని అడుగసాగిరి.

ఈ చిత్రమును చూచిన ప్రతిమారును మాకు చివరి దృశ్యము మీదనే దృష్టి. రాకుమారి మరల భవనమునకు చేరును. ఆమె అస్వస్థురాలని లోకమునకు చెప్పియున్నారు. పత్రికలవారి ముందు ఆమె దర్జాగా, రాచమర్యాదతో నిలుచును. కాని టోపీ క్రింద ఆ పొట్టి జుట్టు అట్లే యుండును. ఆ ఒక్క దినము నిజముగా జరిగినదనుటకు ఆమె దేహమున మిగిలిన సాక్ష్యము అదొక్కటియే. రాజ్యము ఆమెను తిరిగి తీసికొనగలిగినది కాని, జడను అతికింపలేకపోయినది. కనీసము ఒక సంవత్సరమైనను ఆగవలెను.

జోన్ జుట్టు రెండవమారు వచ్చినది ఇక్కడ. దర్శకుడు ఆటో ప్రెమింజరు బెర్నార్డ్ షా నాటకము 'సెయింట్ జోన్'ను చిత్రముగా తీయదలచి, సుమారు 18,000 మంది దరఖాస్తుదారులలో నుండి 1956 లో అమెరికాలోని అయోవా రాష్ట్రమునకు చెందిన ఒక మందులదుకాణదారుని కుమార్తెను ఎన్నుకొనెను. ఆమె జీన్ సీబర్గ్. అప్పటికి పదునెనిమిదేండ్లు నిండలేదు. పాత్ర కొరకు ఆమె జుట్టు దాదాపు తలకంటునట్లు కత్తిరింపబడినది. దహన దృశ్యము తీయునపుడు నిజముగానే మంట ఎగసి ఆమెకు గాయములైనవి. 1957 లో చిత్రము విడుదలకాగా విమర్శకులు ఆమెను నిర్దయగా నిందించిరి. ప్రెమింజరు అదే యేడు వేసవిలో ఫ్రాన్సు దక్షిణతీరమున 'బోంజూర్ త్రిస్తెస్' తీయుటకు మరల ఆమెనే తీసికొనెను. గొరిగినంత పని అయిన ఆ జుట్టు అప్పటికి కొన్ని నెలల పెరుగుదలతో రెండుమూడు అంగుళములై, తలచుట్టును మెత్తని టోపీవలె అమరినది. జనులు మోజుపడి అనుకరించినది దానినే. లోకము ఒక నూతన శైలి అని కొనియాడినది నిజమునకు శిక్షాపాత్ర తరువాత జుట్టు తిరిగి పెరుగుచున్న దశ! 1960 లో విడుదలైన గొదార్ చిత్రము 'బ్రెత్‌లెస్'లో ఆమె ఆ క్రాపుతోనే షాంజెలిజే వీధిలో వార్తాపత్రికలు అమ్ముచు నడచును. ఆ నడకతో క్రాపు స్థిరపడినది. నిందలు తెచ్చిన పాత్రనుండియే ఆమె గుర్తింపు పుట్టినదని చెప్పుటకు సంకోచింపము.

1966 లో లండనులో లెనార్డ్ అను కేశాలంకారి పదునారేండ్ల ట్విగ్గీకి గంటలకొలది శ్రమించి కత్తిరించిన క్రాపును, 1967 లో మియా ఫారో క్రాపును పత్రికలు మోసినవి. 'రోజ్‌మేరీస్ బేబీ' చిత్రపు ప్రచారము కొరకు విడాల్ ససూన్ అను ప్రఖ్యాతుని లండనునుండి రప్పించి, ఛాయాగ్రాహకుల నడుమ ఆమె జుట్టు కత్తిరింపజేసిరి. రుసుము 5,000 డాలర్లు. అయితే అంతకు ముందే ఒక టెలివిజను ధారావాహికలో నటించుచుండగా తన పొడవు జుట్టును గోళ్లు తీసికొను కత్తెరతో తానే కత్తిరించుకొంటినని ఆమె 2013 లో స్పష్టము చేసెను. ఆ మేటి కత్తిరించినది అప్పటికే పొట్టిగా నున్న జుట్టును మాత్రమే.

ఈ క్రాపు ఎట్లు చేయుదురో కొంచెము చెప్పెదము. పనివారు ముందుగా చూడవలసినది సుడి. నడినెత్తిన రెండు సుడులున్నవారికిని, మెడదగ్గర సుడి ఉన్నవారికిని మరీ పొట్టిగా కత్తిరించినచో వెండ్రుకలు ముండ్లవలె నిలుచును. జుట్టు తడిపి, పాయలు తీసి, మెడదగ్గర పొట్టిగా ప్రారంభించి పైకి పోవుకొలది నిడివి పెంచుకొని పోవలెను. కొనలను పలుచన చేసినగాని బరువు తగ్గి అమరదు. ఇంటిలో దువ్వెనకన్న వ్రేళ్లే మేలు. తడిజుట్టును వ్రేళ్లతో కావలసిన వైపునకు త్రోసి ఆరనిచ్చినచో చాలును. నెల, నెలన్నరకొకమారు సవరింపవలసియుండును గనుక పొట్టి క్రాపు పని తగ్గించునను మాట సగమే నిజము.

పెంచుకొనుట వేరొక విద్య. తలవెండ్రుక నెలకు సుమారు అరంగుళము పెరుగును, సంవత్సరమునకు ఆరంగుళములు. తొందరపెట్టుటకు ఏ తైలమునకును శక్తి లేదు. గొరిగించిన జుట్టు ఒత్తుగా వచ్చునని మన యిండ్లలో గట్టి నమ్మకము. కాని 1928 లోనే అమెరికాలో గడ్డములపై జరిపిన పరిశీలనలో గొరుగుటవలన వెండ్రుక మందముగాని వేగముగాని పెరుగదని తేలినది. మొద్దుగా తెగిన కొన చేతికి గరుకుగా తగులును, అంతే. పెంచువారు ఓపికతో చేయవలసిన పని ఒకటి కలదు: మెడమీది జుట్టును మాటిమాటికి కత్తిరించుచు, నడినెత్తి జుట్టు దానిని అందుకొనువరకు ఆగవలెను. లేనిచో ముందు పొట్టి, వెనుక తోక. చెవులను కప్పీ కప్పని నాలుగైదు నెలల దశ అన్నిటికన్న కష్టమైనది. పక్కపాపిట తీసి, చెవివెనుకకు ఒత్తి, రెండు పిన్నులు పెట్టుకొని దానిని దాటవలెను. గడ్డము వరకు రావలెనన్న ఏడాది, భుజములకు రావలెనన్న రెండేండ్లు పట్టును.

ఈ ఓపిక తెలుగువారికి క్రొత్తది కాదు. తిరుమల కల్యాణకట్టలో తలనీలాలు సమర్పించి వచ్చిన స్త్రీలు ప్రతి ఊరనున్నారు. అందరును గుండు చేయించుకొనరు. కొందరు మూడు కత్తెరలిచ్చి వత్తురు. గుండైనవారు మొదట గంధము పూసుకొని, తరువాత కొంగు కప్పుకొని, ఆపై చిన్న పిలకకు రబ్బరుబ్యాండు వేసి, శుభకార్యమునకు సవరము కట్టి, పూలు పెట్టుకొని ఆ నెలలన్నియు దాటుదురు. ఎవరును వింతగా చూడరు. మొక్కు వారిది, ఇచ్చినది వారు.

ఇక మా అమ్మగారి ప్రశ్న. వారి మేనత్తకు పదేండ్లైనను నిండకముందే భర్త పోయెను. రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతు వివాహము జరిపించినది 1881 డిసెంబరు 11 న. ఆ మేనత్త పుట్టినది అటుపిమ్మటనే. కాని రాజమహేంద్రవరమునుండి మా పల్లెకు ఆ వార్త వచ్చినను, ధైర్యము రాలేదు. ఈడేరగానే ఆమెకు తల గొరిగించిరి. అప్పటినుండి నెలకొక పర్యాయము మంగలి వెనుకదారిన ఇంటికి వచ్చుట, ఆమె పెరటిలో తల వంచి కూర్చుండుట, ఆపై తెల్లని ముసుగు. ఏబదియేండ్లకు పైగా సాగినది. మా అమ్మగారు బాలికగా ఆ ముసుగును ఒకమారు సరదాకు లాగగా, వృద్ధురాలు కోపపడక, రెండు చేతులతో తల కప్పుకొన్నదట. ఆ చేతులు ఇప్పటికిని కనబడునని వారు చెప్పుదురు.

మా అన్నగారి కుమార్తె ఈ సంక్రాంతికి మరల వచ్చినది. పెంచుచున్నదట, చెవులు సగము కప్పుకొని, వెనుక రెండు కొసలు పైకి లేచి, తానే అద్దము చూచి నవ్వుకొను దశలో నున్నది. భోగినాడు తలంటు పోసికొని వచ్చిన తరువాత మా అమ్మగారు ఆ పిల్లను ముందు కూర్చుండబెట్టుకొని, తమ పాత డబ్బాలోని నల్లపిన్నులు రెండు తీసి, చెవివెనుక జుట్టును ఒత్తి పెట్టిరి. ఒకటి నిలువలేదు. మరియొకటి వెదకిరి. "ఉంచుతావా, మళ్లీ కత్తిరిస్తావా?" అని అడిగిరి. "ఇంకా అనుకోలేదు, నాయనమ్మా" అని ఆ పిల్ల చెప్పినది. "తొందరేముంది?" అని మా అమ్మగారు మూడవ పిన్ను పెట్టిరి.